చదువుకా, షికారుకా?

మా కొలీగ్ వాళ్ళబ్బాయి ఒక ఏడాది చదువు కోసం ఇటలీ వెళుతున్నాడు. నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, సంచి భుజాన వేసుకుని పోయే రకం. "చదువుకా, ఊళ్ళు తిరగడానికా?" అని అడిగాను. "రెండిటికీ అంకుల్" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా. నాకు వెంటనే సోఫియా కొరాడి గుర్తొచ్చింది.

ఈవిడ 1934లో రోమ్ లో పుట్టింది. లా చదువుతూ, ఫుల్ బ్రైట్ స్కాలర్ షిప్ మీద 1957లో న్యూయార్క్ లోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళింది. ఏడాది చదివి, మాస్టర్స్ పట్టాతో 1958లో ఇంటికొచ్చింది. రోమ్ లో డిగ్రీ పూర్తవడానికి ఇంకా కొన్ని పరీక్షలు మిగిలున్నాయి. అక్కడ చదివింది ఇక్కడ లెక్కలోకి తీసుకోండి అని అడిగితే, యూనివర్సిటీ ఆఫీసులో అందరిముందూ చివాట్లు పడ్డాయి. అమెరికాలో షికార్లు కొట్టొచ్చి పట్టా అడుగుతోంది అనే ధోరణి.

మనమైతే ఏం చేస్తాం? నాలుగు రోజులు తిట్టుకుని, ఆ పరీక్షలేవో రాసేసి మర్చిపోతాం. ఆవిడ మర్చిపోలేదు. తర్వాత ఇటలీ యూనివర్సిటీల రెక్టర్ల సంఘానికి సలహాదారుగా ఉంటూ 1969లో ఒక ప్రతిపాదన తయారుచేసింది. విద్యార్థి ముందే ఒప్పుదల తీసుకున్న ప్లాన్ ప్రకారం విదేశంలో చదివితే, సొంత యూనివర్సిటీ దాన్ని గుర్తించాలి. అంతే!

ఈ "అంతే"కి 18 ఏళ్ళు పట్టింది. 1976లో యూరోపియన్ కమ్యూనిటీ చిన్నస్థాయిలో ఉమ్మడి చదువుల ప్రయోగం మొదలుపెట్టింది. 1987లో ఎరాస్మస్ కార్యక్రమం వచ్చింది. మొదటి ఏడాది వెళ్ళింది 11 దేశాల నుంచి 3,244 మంది. ఇప్పటికి (తర్వాత చేరిన టీచర్లు, అప్రెంటిస్ లు వగైరాలతో కలిపి) కోటిన్నర దాటారు. అన్నట్టు, ఆ పేరుగల రాటర్ డామ్ పండితుడూ ఒకచోట కుదురుగా ఉన్నవాడు కాదు. పారిస్, ఇంగ్లండ్, ఇటలీ తిరిగి, 1536లో బాసెల్ లో కన్నుమూశాడు.

ఇది ఉత్త సర్కారీ టూరిజం అని విమర్శించేవాళ్ళు యూరప్ లోనూ ఉన్నారు. నేనొప్పుకోను. ఉన్నవాళ్ళ పిల్లలు అంతకుముందూ తిరిగారు. ఒక ఏడాది వృథా అయినా వాళ్ళకి నష్టం లేదు. మామూలు ఇంటి పిల్లలకి టికెట్ ఖర్చు ఒక ఎత్తు, ఏడాది పోగొట్టుకోవడం ఇంకో ఎత్తు. సోఫియా పట్టుకున్నది సరిగ్గా ఆ ముడినే. 1989లో మొదలైన క్రెడిట్ల పద్ధతి (ఏడాదికి 60) దాన్ని ఇంకాస్త వదులు చేసింది. మన భాషలో చెప్పాలంటే, రెండు సిస్టంలు మాట్లాడుకోవడానికి ఒక ప్రోటోకాల్ దొరికింది. మన దేశంలో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది 2021లో!

సోఫియా గారు 2025 అక్టోబర్ లో 91 ఏళ్ళ వయసులో పోయారు.

మావాడి ఫైల్లో లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒక కాగితం ఉంది. ఏ సబ్జెక్టులు చదువుతాడో, ఇక్కడ వేటికింద లెక్కేస్తారో రాసి, వాడితోబాటు రెండు యూనివర్సిటీలూ సంతకాలు పెట్టాయి. 1958లో సోఫియా చేతిలో లేనిది ఆ కాగితమే. "పాస్ పోర్ట్ ఎంత జాగ్రత్తో ఇదీ అంత జాగ్రత్త, తర్వాత నీ ఇష్టమొచ్చినన్ని ఊళ్ళు తిరుగు" అని చెప్పాను. తప్పు చెప్పానంటారా?