పాత సైనికపు తుపాకుల కఱ్ఱపని: దాని విలువ, జీర్ణోద్ధారము

తుపాకి యనగానే జనులకు ఉక్కుగొట్టమే స్ఫురించును. ఆ గొట్టమును కుదురుగా పట్టియుంచి భుజమున కానునట్టి కఱ్ఱను తలచువారు అరుదు. గొట్టము చేసిన కర్మాగారపు ముద్ర ఉక్కుపై నుండును. కఱ్ఱను తొలిచి దానికి సరిపడ దిద్దిన వడ్రంగి పేరు ఎందును గానరాదు. దారుశిల్పమే జీవనముగా గల కుటుంబములు మన సంఘమున పెక్కులుండుటచే, ఈ సంచికలో ఆ కఱ్ఱ చరిత్రమును గొంత విన్నవింప దలచితిమి.

ఉదాహరణమునకు లీ ఎన్‌ఫీల్డు తుపాకిని గైకొందము. మన పల్లెలవారు సైతము దీనిని త్రీనాట్‌త్రీ యను పేర నెఱుగుదురు. 1907 లో అంగీకరింపబడిన దీని మార్కు త్రీ రూపము రెండు మహాయుద్ధములందును భారతసైనికుల భుజమున నుండెను. ఇంగ్లండునందేగాక, కలకత్తాకు ఉత్తరమున హుగ్లీతీరమందలి ఇషాపూరునను, ఆస్ట్రేలియాలోని లిత్‌గోయందును దీనిని చేసిరి. ఉత్తరప్రదేశపు రక్షకభటులు ఈ త్రీనాట్‌త్రీకి వీడుకోలు చెప్పినది 2020 లో.

దీని కఱ్ఱ ఒక్క తునుక కాదు. భుజమున కానెడు మడమకఱ్ఱ వేఱు. గొట్టము క్రింద కొనదాక సాగెడు ముందుకఱ్ఱ వేఱు. వేడెక్కిన గొట్టము చేతికి తగులకుండ పైని కప్పెడు చేతికాపులు రెండు. మొదట వీనినెల్ల అక్రోటు మ్రానితో చేసిరి. సంస్కృతమున దీనికి అక్షోటమని పేరు. రఘువంశము నాలుగవ సర్గమున, రఘువు సేనాగజములను కట్టగా కాంబోజదేశపు అక్షోటములు వంగెనని కాళిదాసు వర్ణించినాడు. ఏనుగును కట్టదగిన చెట్టని కవికిని దెలియును. అక్రోటు దెబ్బకోర్చును, ఉలికి లొంగును, తేమకు అంతగా వంకరపోదు. లిత్‌గోలో అక్రోటుకు మాఱుగా ఆ దేశపు కోచ్‌వుడ్డు అను మెత్తని కఱ్ఱను వాడవలసివచ్చినప్పుడు, కాల్పు తాకిడికి ముందుకఱ్ఱ నలుగకుండ లోపల రాగిరేకులు బిగించిరి. ఇషాపూరువారు ముందుకఱ్ఱ చీలకుండ అడ్డముగా నొక మరమేకు వేసిరి.

ఇక విలువ. ముందుకఱ్ఱ కొన యడుగున తుపాకి సంఖ్య ముద్రింపబడియుండును. అది ఉక్కుభాగముల సంఖ్యతో సరిపోయినచో ఆ కఱ్ఱ ఆ తుపాకికే దిద్దబడినదని నమ్మవచ్చును. మడమకఱ్ఱపై నొక్క యక్షరముండవచ్చును: ఎల్ అనగా పొడుగు, ఎస్ అనగా పొట్టి, బి అనగా మఱింత పొట్టి, ఏ యక్షరమును లేనిది సామాన్యపు కొలత. సైనికుని దేహమునకు తగిన మడమను బిగించెడివారు. కుడివైపున గుండ్రని ఇత్తడిబిళ్ళ యున్నచో దానిపై పటాలపు గుర్తు చదువవచ్చును. ముందుకఱ్ఱ యెడమప్రక్క దూరపు గురిసాధనమునకై తొలిచిన గుంట యున్నచో, 1916 లో యుద్ధత్వరచే ఆ సాధనమును విడుచుటకు పూర్వపు మాదిరి నది యనుసరించినదని గ్రహింపవలెను. కావున చేతికాపులు పోయి, నల్లబడి, మూలబడియున్న మొండికఱ్ఱనైనను వంటచెఱకు క్రింద జమకట్టరాదు. వెనుక చేతికాపునకు గురిపలక కిరుప్రక్కల సన్నని చెవులుండును. అవియే మొదట విఱుగును. కనుక నిండైన చేతికాపు దొరకుట మడమకఱ్ఱ దొరకుటకంటె కష్టము.

యుద్ధానంతరమున పాశ్చాత్యదేశములందు వేటకాండ్రు మిగులు తుపాకులను చౌకగా కొని, బరువు తగ్గుటకై ముందుకఱ్ఱను కోసి, చేతికాపులను పాఱవైచిరి. నేటివారు ఆ పోయిన తునుకలకే వెదకుచున్నారు! కోసిన చోటు నడిమి ఇనుపపట్టీ దాపున నున్నచో, అదే జాతి పాతకఱ్ఱను చారల పోకడ కలియునట్లు ఏరి, ఏటవాలుగా కోసి, అతుకు పట్టీక్రింద నడగునట్లు అతుకుట మేలు. క్రొత్తకఱ్ఱను మొత్తముగా వేయుట సులభమేగాని, అప్పుడు సంఖ్యయు ముద్రలును పోయినవే.

ఊడదీయుటలో నొక యపాయము గలదు. మడమకఱ్ఱను బిగించెడు పొడుగాటి మరమేకునకు చదరపు కొన యుండును. అది ముందుకఱ్ఱ వెనుకటి లోహపుపలకలో దూఱియుండును. ముందుకఱ్ఱను తీయకయే మరమేకును త్రిప్పినచో ఆ కొన కఱ్ఱను చీల్చును. ముందుకఱ్ఱ మొదట, మడమకఱ్ఱ తరువాత. ఈ క్రమము తప్పరాదు.

సొట్టలను తడిగుడ్డయు వేడి ఇస్త్రీపెట్టెయు లేవనెత్తును. ముద్రలున్నచోట దీనిని వాడకుండుటయే మంచిది. ఆ తరువాత పలుచగా, పలుమాఱులు అవిసెనూనె. సైనికులు వాడినదియు నదియే. కొందఱు యజమానులు కఱ్ఱను అద్దమువలె మెఱయజేయుమందురు. గరుకు కాగితముతో రుద్దినచో ముద్రలు చెరగును, అంచులు గుండ్రబడును, కఱ్ఱ ఉక్కుమట్టముకంటె దిగిపోవును. చెరిగిన సంఖ్యను మరల పుట్టింపగల శిల్పి లేడు. జీర్ణోద్ధారము పేర గుడిలోని శాసనములకు సున్నము పూసినవారిని నిందించు మనము, ఈ పనిని మాత్రము ఏల మెచ్చవలెను? సైన్యపు మరమ్మతుశాలలలో వేసిన చిన్న అతుకులను గూడ తీయరాదు. కొన్ని తుపాకుల ముందుకఱ్ఱచుట్టును తీగ బిగించియుండును. బాంబులను దూరముగా నెగురవేయుటకు వానిని నియోగించిరనుటకు ఆ తీగయే సాక్షి. చూపునకు బాగులేదని దానిని విప్పువారును గలరు.

పోషకులకు నొక విన్నపము: ఒక చేతికాపును చెక్కుటకు పట్టు దినములను చూచి కూలి నిర్ణయింపుడు. పనివారికి మఱియొకటి: 1959 నాటి ఆయుధశాసనము ఆయుధముల భాగములను గూడ ఆయుధములలోనే చేర్చినది, అనుమతిపత్రము చూడక చేయి వేయరాదు. పని ముగిసిన పిదప, గొట్టము కప్పియుంచు లోపలివైపున, బాగుచేసిన సంవత్సరమును, చేసినవాని పేరును చిన్న యక్షరములతో చెక్కుడు.