జాగీర్దార్ల బడిలోకి తండా పిల్లగాడు

పోయిన వీడియో కింద మీలో కొందరు ‘ఏస్ ఆఫ్ స్పేడ్స్’ నవల గురించి మాట్లాడమన్నారు. 2021లో వచ్చింది, రాసింది ఫరీదా అబికే ఇయిమిడే. ఒక పెద్ద ప్రైవేట్ స్కూల్, అందులో ఇద్దరు నల్లజాతి పిల్లలు. వాళ్ల రహస్యాలన్నీ ఎవరో పేరు చెప్పకుండా అందరి ఫోన్లకు పంపిస్తుంటారు. పంపేది ఎవరో నేను చెప్పను, చదువుకోండి. నాకు మాత్రం ఆ మెసేజ్‌ల కంటే ఎక్కువ భయం వేసింది ఒక ప్రశ్నకి: అసలు ఆ బడి ఎవరి కోసం కట్టారు?

అదే ప్రశ్న మన బేగంపేటలో అడుగుదాం.

ఇప్పుడు హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అంటున్నాం కదా, అది 1923లో ఏడో నిజాం కాలంలో మొదలైంది. అప్పటి పేరు జాగీర్దార్స్ కాలేజ్. ఎవరికోసమో పేరులోనే ఉంది. జాగీర్దార్ల కొడుకుల కోసం. అంటే తెలివికి సీటు కాదు, పుట్టుకకి సీటు. అప్పట్లో రాజ్యంలో దాదాపు మూడో వంతు భూమి జాగీర్ల కిందే ఉండేది. శిస్తు కట్టింది రైతులు, చదువుకుంది దొరబిడ్డలు. ఇక నల్గొండ ఊళ్లలో వెట్టి చేసిన మాల, మాదిగ కుటుంబాల పిల్లలు ఎక్కడున్నారు? పశువుల వెంట. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచే దళిత పిల్లలకు బడులు పెట్టుకుంటూ వచ్చాడు, ఎందుకంటే మామూలు బడి గడప కూడా వాళ్లకు దూరమే. (ఆయన గురించి మన టెక్స్ట్‌బుక్‌లో ఎంత ఉందో గుర్తుందా?)

1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లే పోయాక జాగీర్దార్ల కాలేజ్ ఏంటి? 1951లో పేరు మారింది. తర్వాత సత్య నాదెళ్ల, శంతను నారాయణ్, అజయ్ బంగా అక్కడే చదివారు. ఈ ముక్క మీకు వాట్సాప్‌లో వందసార్లు వచ్చుంటుంది. రానిది ఇంకోటి ఉంది. ఆ స్కూల్లో ఒకటో తరగతిలో కొన్ని సీట్లు పేద ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఉంటాయి. ఫీజు సర్కారు కడుతుంది. అప్లికేషన్లు ఎక్కువైతే జిల్లాలో డ్రా తీస్తారు. అంటే దేవరకొండ తండాలో పుట్టిన ఆరేళ్ల పిల్లగాడు, ఒక చిట్టీ బయటికొస్తే, ఒకప్పటి జాగీర్దార్ల బెంచీ మీద కూర్చుంటాడు. ఇంట్లో లంబాడీ మాట్లాడి, అక్కడ ఇంగ్లీష్‌లో ఏడ్వాలి.

లోపలికి సీటు దొరకడం ఒకటి, లోపల మనవాడనిపించుకోవడం ఇంకోటి. నా బీటెక్‌లో మొదటి రోజు సీనియర్లు పేరు తర్వాత అడిగేది ర్యాంకే. “ఎంత?” అంటే మార్కుల మీద ప్రేమ కాదు అది. ర్యాంక్ చెప్తే కులం తెలిసిపోతుందని. అనామక మెసేజ్ అక్కర్లేదు, నోటితోనే పని అయిపోతుంది.

ఇంకో దారి కూడా మన జిల్లాలోనే పుట్టింది. 1971లో సర్వేల్‌లో గురుకులం, పీవీ నరసింహారావు ఆలోచన. ఊరి పిల్లలకు ఉచితంగా హాస్టల్, చదువు, పరీక్ష రాసి సీటు. ఆ తర్వాత సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. 2012లో వాటి బాధ్యత తీసుకున్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్‌ది అలంపూర్, పాత మహబూబ్‌నగర్ జిల్లా. ఆ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మన భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

నన్నడిగితే, గురుకులంలో పక్క బెంచీవాడు కూడా నీలాంటోడే. అదే దాని బలం. బేగంపేటలో ఆ పిల్లగాడు ఒంటరి. కానీ గురుకులాలు చాలు, పెద్ద బడులు మనకెందుకు అంటే నేనొప్పుకోను. రెండు గేట్లూ తెరిచే ఉండాలి.

మీలో ఎవరైనా ఆ డ్రాలో సీటొచ్చి చదివినవాళ్లుంటే, మొదటి వారం మీ పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పండి. పేరు పెట్టకపోయినా పర్లేదు. వచ్చే ఎపిసోడ్ సర్వేల్ నుంచే.