డిరిడాన్ స్టేషన్: ఎదురుచూస్తున్న ఎనభై ఎకరాలు

శాన్‌హోసేలోని డిరిడాన్ స్టేషన్‌లో కాల్‌ట్రెయిన్ దిగి నగరం నడిబొడ్డుకు నడిచేవారికి దారిలో ఎక్కువగా కనిపించేవి పార్కింగ్ స్థలాలు, ఖాళీ జాగాలు. సిలికాన్ వ్యాలీలో ఇంటి ధరలు తెలిసిన వారెవరికైనా ఇది వింతగానే తోస్తుంది. ఈ నేల ఖాళీగా మిగలడానికి ఒక చరిత్ర ఉంది.

శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఇక్కడికి రైలు 1864లో వచ్చింది. తరువాతి కాలంలో సదరన్ పసిఫిక్ రైళ్ళు నాల్గవ వీధి మీదుగా, జనం మధ్య నుండే నడిచేవి. దశాబ్దాల వివాదం తరువాత పట్టాలను నగరానికి పడమటి వైపుకు మళ్ళించి, 1935లో ఇప్పటి స్టేషన్‌ను తెరిచారు. దాని చుట్టూ ఉన్నవి పండ్లను డబ్బాల్లో నింపే కర్మాగారాలు, గిడ్డంగులు. ఆ పరిశ్రమ కనుమరుగయ్యాక స్టేషన్ మిగిలింది, ఊరు దాని దాకా రాలేదు.

ఈ లోటును తీర్చడానికి నగరపాలక మండలి మొదట బేస్‌బాల్‌ను నమ్ముకొంది. ఓక్లాండ్ ఏథ్లెటిక్స్ జట్టుకు స్టేడియం కోసం స్టేషన్ సమీపంలోని భూమిని అమ్మజూపింది. కాని ఆ ప్రాంతంపై హక్కులు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టువి. నగరం 2013లో లీగ్‌పై దావా వేసింది. 1922 నాటి తీర్పు బేస్‌బాల్‌కు ప్రసాదించిన మినహాయింపే చివరికి గెలిచింది. 2015లో సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించడంతో ఆ ఆశ ముగిసింది.

రెండవ ఆశ గూగుల్. 2018లో నగరం తన భూములను ఆ సంస్థకు అమ్మడానికి అంగీకరించింది. 2021 మే నెలలో పాలకమండలి ‘డౌన్‌టౌన్ వెస్ట్’ పథకాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. 80 ఎకరాలు, 73 లక్షల చదరపు అడుగుల కార్యాలయాలు, దాదాపు 4,000 ఇళ్ళు, 15 ఎకరాల ఉద్యానవనాలు అందులో ఉన్నాయి. పాత కట్టడాల కూల్చివేత మొదలైంది. 2023 జనవరిలో గూగుల్ మాతృసంస్థ 12,000 మందిని తొలగించింది. కొద్ది నెలల్లోనే పథకం ఆగిందన్న వార్త వచ్చింది. అదే నవంబరులో నిర్మాణ భాగస్వామి లెండ్‌లీజ్‌తో ఒప్పందం రద్దయింది.

పెరిగిన వడ్డీలు, ఇంటినుండి పని చేసే అలవాటు తక్షణ కారణాలు కావచ్చు. అసలు కారణం పథకం అల్లికలోనే ఉంది. సంస్థ వాగ్దానం చేసిన 20 కోట్ల డాలర్ల సామాజిక ప్రయోజనాలలో అధికభాగం కార్యాలయ భవనాల నిర్మాణంతో ముడిపడింది. కార్యాలయాలు అక్కరలేదన్న రోజున సామాన్యుడికి అందవలసినది కూడా ఆగిపోయింది. ముక్కలుగా ఉన్న భూమిని ఒకే చేతికి అప్పగించడం అనుకూలమనిపించింది. దానితోపాటు ఒక సంస్థ లెక్కల పుస్తకమే నగర భవితవ్యాన్ని నిర్ణయించే స్థితి వచ్చింది.

డెన్వర్ మరో దారి పట్టింది. అక్కడి ప్రజారవాణా సంస్థ 2001లో యూనియన్ స్టేషన్‌ను, దాన్ని ఆనుకొన్న సుమారు 20 ఎకరాలను కొన్నది. దాదాపు 30 కోట్ల డాలర్ల ఫెడరల్ రుణాలతో ముందు రైలు, బస్సు వసతులు కట్టారు. చుట్టుపక్కల స్థలాలలో భవనాలు ఒక్కొక్కటిగా లేచాయి. 2014లో స్టేషన్ భవనం తిరిగి తెరుచుకొంది. ఎవరో ఒకరు తప్పుకొన్నా మొత్తం కుప్పకూలని ఏర్పాటు అది.

డిరిడాన్ పట్టాలపై 2024 ఆగస్టు నుండి విద్యుత్ రైళ్ళు నడుస్తున్నాయి. 12 బిలియన్ డాలర్లు దాటిన అంచనాతో బార్ట్ సొరంగమార్గం కూడా అక్కడికి రావలసి ఉంది. ప్రజల సొమ్ముతో రైలు వస్తున్నది. దాని పక్కన కట్టవలసిన ఇళ్ళు మాత్రం ఒక సంస్థ అవసరం కోసం ఎదురుచూస్తున్నాయి. మనలో చాలామంది పనిచేసేది ఇటువంటి సంస్థలలోనే. మన ఉద్యోగాల ఎగుడుదిగుళ్ళతో ఒక ఊరి ఇళ్ళను ముడిపెట్టడం ఎంతవరకు సబబో మనమూ ఆలోచించవలసి ఉంది.