వంగిన బడి, వంచిన బడి

ఫిబ్రవరి వచ్చిందంటే నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో కూలి మనిషి దొరకడం గగనం. మిరప కోతలు మొదలై ఉంటాయి. పొద్దు పొడవకముందే ట్రాలీ ఆటోలు కూలీలను చేలగట్ల మీద దించి వెళ్తాయి. కల్లాల్లో పరిచిన ఎర్రకాయల మీదుగా గాలి తిరిగితే దారినపోయే వాళ్లకూ తుమ్ములే. తాలుకాయలు ఏరి పక్కన పోయడానికి పెద్ద బలమేమీ అక్కర్లేదు, చిన్నచేతులు చాలు. సరిగ్గా ఆ రోజుల్లోనే బడిలో నోటీసు బోర్డు మీద పరీక్షల టైంటేబుల్ అంటిస్తారు. మిరపకు, పరీక్షకు ఒకటే కారు.

ఈ రెంటిలో దేనికోసం ఏది వంగాలి? పంట కోసం బడి వంగాలా, బడి కోసం పంట ఆగాలా? మెట్ట కృష్ణాలో ఈ ప్రశ్న కొత్తది కాదు. దానికి తలా ఒక జవాబు చెప్పినవాళ్ల కథ రెండు వందల ఏళ్ల పొడుగున సాగుతుంది. విద్యలో ‘వెసులుబాటు’ అనే మాట ఇవాళ శిక్షణ తరగతుల్లో మంత్రంలా వినిపిస్తోంది. పిల్ల వేగానికి తగ్గ పాఠం, పిల్ల వీలుకు తగ్గ వేళ. వినడానికి ఇంపుగానే ఉంది. కానీ 1923లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలైన సామాజిక పరిశోధన సంస్థ మేధావులు ఇలాంటి ఇంపైన మాటలను అంత తేలిగ్గా నమ్మేవాళ్లు కాదు. వారిలో ఒకరైన మాక్స్ హార్క్‌హైమర్ 1937లో తమ ఆలోచనకు ‘విమర్శనాత్మక సిద్ధాంతం’ అని పేరు పెట్టారు. దాన్ని రచ్చబండ భాషలోకి దించితే ఇంతే: ఒక ఏర్పాటు ఎంత బాగా నడుస్తోందని అడిగి ఊరుకోవద్దు, అది ఎవరికోసం నడుస్తోందో కూడా అడగాలి.

ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే మొదట వీధిబడి తగులుతుంది. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లాల నుంచి బడుల లెక్కలు అడిగారు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక వాటిలో చదివించే గుణమున్నది. పొద్దున్నే బడికి అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారట. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు వరసగా ఒక్కొక్కటి ఎక్కువ. అదే బడిలో వయసును బట్టి తరగతులు లేవు. సాధారణంగా నాలుగు జట్లుంటాయి, పిల్లవాడు తన తెలివిని, అభ్యాసాన్ని బట్టి పై జట్టుకు వెళ్తాడు. పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చెబుతారు, పంతులు పైజట్టును చూసుకుంటాడు. ఇవాళ లక్షలు పోసి తెస్తున్న ‘స్థాయికి తగ్గ బోధన’ ఇసుకలో వేలితో దిద్దుకునే రోజుల్లోనే ఉందన్నమాట.

అయితే ఆ ఇసుక ముందు కూర్చునే హక్కు ఎవరిది? మన్రో 1826లో కూడిన మొత్తం ప్రకారం మద్రాసు రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. వారిలో ఆడపిల్లలు 4,540 మంది. వీధిబడి వేళకు వంగింది, వేగానికి వంగింది. గడప దగ్గర మాత్రం నిటారుగానే నిలబడింది. పైగా, పిల్లలు వల్లించే పద్యాల భాష వాళ్లు ఇంట్లో మాట్లాడే భాష కాదనీ, అర్థం తెలియకుండానే కంఠతా పడుతున్నారనీ క్యాంప్‌బెల్ అప్పుడే రాశారు. సరిగ్గా ఇదే తగువు మీద గిడుగు రామమూర్తి, స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్ వంటివారు గొంతెత్తడానికి ఇంకో ఎనభై ఏళ్లు పట్టింది.

గడప అవతల ఉండిపోయిన 1874 నాటి ఒక పిల్ల గురించి ఇక్కడ ఆగి చెప్పుకోవాలి. నందిగామ తాలూకా పెనుగంచిప్రోలు, మునేటి ఒడ్డు. ఇవాళ తిరుపతమ్మ తిరునాళ్లతో పేరున్న ఊరు. అక్కడ పుట్టిన బండారు అచ్చమాంబకు చిన్నప్పుడే తండ్రి పోయారు, పదేళ్లకే మేనమామతో పెళ్లయింది, కాపురం నాగపూరు వైపుకు మారింది. ఆమెకంటూ బడి లేదు. తమ్ముడు మాత్రం చదువుకుంటున్నాడు. అతడికి చెబుతున్న పాఠం పక్కన కూర్చుని ఆమె తెలుగు, హిందీ పట్టేసింది. మరాఠీ, బెంగాలీ, గుజరాతీ తర్వాత వచ్చి చేరాయి. టైంటేబుల్ లేదు, హాజరు పట్టీ లేదు, పరీక్ష లేదు. నేటి శిక్షణ పుస్తకాలు చెప్పే వెసులుబాటుకు ఇంతకన్నా మంచి నమూనా దొరకదు అనిపిస్తుంది.

అనిపిస్తుంది, అంతే. ఎందుకంటే అది ఎవరూ ఇచ్చిన వెసులుబాటు కాదు. లేని చోటులోంచి ఆమె లాక్కున్నది. తను చదువుకున్న తీరును ఆమె మెచ్చుకుని మురిసిపోలేదు కూడా. స్త్రీలకు చదువు ఒంటబట్టదనీ, చదివితే చెడతారనీ అనేవాళ్లకు జవాబుగా చరిత్రలోంచి ఆడవాళ్ల జీవితాలను పోగేసి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ కూర్చింది. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. 1905లో కన్నుమూసింది, అప్పటికి ముప్పై ఏళ్లు దాటాయంతే. ఫ్రాంక్‌ఫర్ట్ మేధావులకు సంస్థ ఏర్పడక ముందే, ‘చదువు ఎవరి చేతిలో ఉంది’ అన్న ప్రశ్న మునేటి నీళ్లు తాగిన అమ్మాయి వేసేసింది. ఆమె ఒంటరిదేమీ కాదు. ఆమె పెరిగిన మరాఠీ నేలకు పొరుగున జ్యోతిరావ్ ఫూలే 1882లోనే హంటర్ విద్యా కమిషన్ ముందు అడిగారు: రైతు కట్టిన పన్నుతో పైవర్గాల పిల్లలకు కాలేజీలేమిటి అని.

ఆ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు. 1877లో పుట్టినది అదే పెనుగంచిప్రోలు. పెరిగి మునగాల సంస్థానానికి దివాను అయ్యారు. ఈ మునగాల భూగోళం ఒక వింత. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో కృష్ణా జిల్లా నందిగామ తాలూకాకు చెందిన ఒక ముక్క. నిజాం బడుల్లో తెలుగుకు చోటు చిక్కని రోజుల్లో మునగాల రాజా నాయని వెంకటరంగారావు అండతో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. మండలి మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితం. జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం, చరిత్ర తెలుగులో అచ్చయ్యాయి. ఇంగ్లీషు రానివాడికీ, కాలేజీ మొహం చూడనివాడికీ విజ్ఞానం ఇంటికే వచ్చింది. దూరవిద్య అనే మాట పుట్టకముందే దూరవిద్య. లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాల దగ్గర ఆగింది. 1923లో ఆయన పోయారు. సరిగ్గా ఫ్రాంక్‌ఫర్ట్ సంస్థ పుట్టిన ఏడు. కాకతాళీయమే, అయినా చెప్పకుండా ఉండబుద్ధి కాదు.

గ్రంథాలయోద్యమం అదే దారిలో నడిచింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయాల మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు పంపించారు. ప్రయాణికుడు గూడు కింద కూర్చుని చదువుకోవచ్చు, రేవులో దిగేటప్పుడు ఇచ్చేయవచ్చు. కాలువలున్న డెల్టాకు ఆ వైభోగం చెల్లింది. బండ్లబాటలే గతి అయిన మెట్టకు అలాంటి పడవ ఎక్కడిది? వెసులుబాటు కూడా నీరు పారే చోటికే ముందు చేరుతుందని ఇక్కడి రైతును వేరే అడగక్కర్లేదు.

స్వాతంత్ర్యం తర్వాత సర్కారే వెసులుబాటును పథకంగా మార్చింది. 1979-80లో అనియత విద్య వచ్చింది. పగలు పనికి పోయే పిల్లలకు సాయంత్రం రెండు గంటలు లాంతరు వెలుగులో చదువు. 1986 జాతీయ విద్యా విధానం దాన్ని ఇంకా విస్తరించింది. పెద్దలకు ఇదే సూత్రం బాగా పనిచేసింది. 1982లో జి. రామిరెడ్డి మొదటి వైస్‌ఛాన్సలర్‌గా దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. ఇంటర్ గట్టెక్కనివాళ్లకు కూడా ప్రవేశ పరీక్ష పెట్టి డిగ్రీ తలుపు తెరిచింది. ఆదివారం తరగతులకు సైకిళ్ల మీద వచ్చిన గుమస్తాలు, గృహిణులు, కండక్టర్లు ఎందరో.

పిల్లల దగ్గరికొచ్చేసరికి అదే వెసులుబాటు తిరగబడింది. 1991లో రంగారెడ్డి జిల్లాలో పని మొదలుపెట్టిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో కుండబద్దలు కొట్టింది. పగలంతా పశువులు కాసిన పిల్లకు రాత్రి బడి పెట్టడమంటే ఆ పగటి పనికి సర్కారు ముద్ర వేయడమే. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికే. కాబట్టి బడివేళను పనికి వంచొద్దు, పిల్లను పనిలోంచి తీసి కొన్ని నెలల శిబిరంలో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టాలి. పెద్ద విద్యావేత్తలకు ఇది మొండితనంగా కనిపించింది. పేదల బతుకు తెలియని ఆదర్శమన్నారు. తెలంగాణ పల్లెల్లో తల్లిదండ్రులు పిల్లల్ని తెచ్చి శిబిరాల్లో వదిలాక ఆ వాదన నీరుగారింది. 2009 విద్యాహక్కు చట్టంలోని 4వ సెక్షన్, వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటూ, చెబుతున్నది ఈ ఆలోచననే.

పెద్దల చదువులో ఇంకో మలుపూ ఉంది. బ్రెజిల్‌కు చెందిన పాలో ఫ్రెయిరీ చదువంటే అక్షరాలు డిపాజిట్ చేసుకునే బ్యాంకు కాదని 1970 నాటికే ప్రపంచానికి చెప్పారు. ఆ మాట తెలుగునాట రుజువైంది నెల్లూరులో. తొంభైల మొదట్లో అక్కడ అక్షరాస్యతా తరగతుల్లో సారా వల్ల కాపురం కూలిన ఆడమనిషి కథ పాఠంగా ఉండేది. పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్లు పలక పక్కన పెట్టి సారా దుకాణం మీదికి వెళ్లారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. పెద్దల చదువు వాళ్ల వీలుకు వంగడమే కాదు, వాళ్ల కోపానికి కూడా చోటిచ్చింది. ఆ తర్వాత వాచకాల్లో అలాంటి కథలు పలచబడటం ఆశ్చర్యమేమీ కాదు.

అప్పటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ దారి వేరు. ఎనభైల చివర నుంచి పద్మనాభరావు, రమ దంపతులు ఒకే పంతులుండే పల్లె బడుల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద నిచ్చెనలా క్రమం గీశారు. నాలుగు వారాలు బడి మానేసిన పిల్ల తిరిగొచ్చినప్పుడు ఎక్కడ ఆపిందో ఆ కార్డే తీసుకుంటుంది. ‘నువ్వు వెనకబడ్డావు’ అనేవాళ్లుండరు. తమిళనాడు దీన్ని తన బడులకు తీసుకుపోయింది. మిరపనాటి పిల్లలకు ఇది అచ్చంగా కుట్టించిన చొక్కాలాంటిది. ఒకటే కొరత: ఆ నాలుగు వారాలు ఎందుకు పోయాయన్న కార్డు నిచ్చెనలో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆ నిచ్చెన యంత్రంలోకి ఎక్కింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. తప్పు జవాబు చూసి తేలిక ప్రశ్న, ఒప్పు జవాబు చూసి కష్టమైన ప్రశ్న ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో కొన్ని బడుల్లో లెక్కలు నేర్పుతున్నారు. క్యాంప్‌బెల్ చూసిన నాలుగు జట్లు నలభై జట్లయ్యాయి, పంతులి బెత్తం కూడా పోయింది. మంచిదే. తప్పు ఎందుకొచ్చిందో యంత్రం బాగానే పట్టగలదు. రెండు నెలలుగా ట్యాబ్ తెరవని పిల్ల ఏ చేలో ఉందో మాత్రం దానికి తెలియదు.

ఆ చేను కొన్నిసార్లు నందిగామ పక్కనే ఉంటుంది. కర్నూలు పడమటి మండలాల్లో చేతికి పని లేక కుటుంబాలు మిరప, పత్తి ఉన్న వైపు వలస వస్తాయి. సొంత ఊరి రిజిస్టర్‌లో ఆ పిల్ల గైర్హాజరు, వచ్చిన ఊరి రిజిస్టర్‌లో పేరే ఉండదు. దీనికి విరుగుడుగా సమగ్ర శిక్ష కింద వలస పిల్లలకు సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు. అమ్మానాన్నలు కోతలకు పోయినా పిల్ల సొంత ఊళ్లోనే తిని, పడుకుని, బడికి పోవచ్చు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా తీరైన ఏర్పాటు లేదు. అయితే తల్లి వేసుకునే లెక్క వేరు. పదేళ్ల పెద్దపిల్లకు హాస్టల్లో మంచముంది. చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలోని చంటిదానికి అక్కడ మంచం లేదు. విద్యాహక్కు చట్టం చదువు బాధ్యతను మొదలుపెట్టేది ఆరేళ్ల దగ్గర. 11వ సెక్షన్ మూడేళ్లు దాటినవాళ్ల సంగతి ఎత్తి, ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అంటుంది. చంటిదానికి ఇంకా ఏడాది నిండలేదు. అందుకని దాన్ని చంకనేసుకుని ఆ పదేళ్ల అక్క కూడా ట్రాలీ ఎక్కుతోంది.