పొరుగు

ఆప్టికల్ నెట్‌వర్క్ నడిపేవాళ్లు 'నైబర్ పడిపోయింది' అంటారు. తెలుగులో రాయబోతే కలం 'సమీపవర్తి' వైపు మొగ్గుతుంది. నా ఓటు మాత్రం పొరుగుకే.

పాత నిఘంటువులు దీన్ని బండి ఱతో 'పొఱుగు' అనీ చూపుతాయి. సంస్కృతంలో దీనికి దగ్గరి మాట 'సామంత'. అర్థశాస్త్రంలో సామంతుడంటే సరిహద్దు రాజు. తర్వాత్తర్వాత కప్పం కట్టేవాడికి అదే పేరైంది. పొరుగు అలా దిగజారలేదు. ఇరుగుతో జతకట్టి సమానంగానే నిలిచింది.

ఫైబరు లైనులో పొరుగంటే ఇరవై అడుగుల దూరం కాదు, ఒక్కోసారి 80 కిలోమీటర్లు. దారిలో యాంప్లిఫయర్ గదులుంటాయి. ఖాతాదారుల వెలుగు వాటిలో బలం పుంజుకుని సాగిపోతుంది, ఎక్కడా దిగదు. 1510 నానోమీటర్ల దగ్గర నడిచే ఓఎస్‌సీ అనే పర్యవేక్షణ ఛానెల్ సంగతి వేరు. అది యాంప్లిఫయర్ పరిధికి బయటిది కనుక ప్రతి గదిలోనూ దాన్ని ముందే విడదీసి, చదివి, కొత్తగా పంపాలి. అందుకే యాంప్లిఫయర్ చెడినా ఓఎస్‌సీ బతికే ఉంటుంది. ఆ ఛానెల్ మీదే చాలా పరికరాలు దారులు వెతికే ఓఎస్‌పీఎఫ్ అనే ప్రోటోకాల్‌ను నడుపుతాయి. ఊరవతలి గదిని నియంత్రణ కేంద్రం చేరుకునేది ఆ దారినే.

జాన్ మోయ్ రాసిన 1998 నాటి ఓఎస్‌పీఎఫ్ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 2328లో ఈ పొరుగుతనానికి కచ్చితమైన నిర్వచనం ఉంది. మామూలుగా 10 సెకన్లకొక 'హలో' సందేశం వెళ్తుంది. 40 సెకన్లు వినబడకపోతే బంధం తెగినట్టే. హలోలో పంపేవాడి పేరే కాదు, తాను ఈమధ్య ఎవరెవరిని విన్నాడో ఆ జాబితా కూడా ఉంటుంది. అందులో నా పేరు కనిపిస్తేనే రెండువైపులా పొరుగు కుదిరినట్టు. పోనూ రానూ ఉన్న రెండు ఫైబర్లలో ఒకటే తెగిందనుకోండి: అతని మాట నాకు వినిపిస్తుంది, అతని జాబితాలో నేనుండను, బంధం 'ఇనిట్' అనే ఏకపక్ష స్థితికి జారుతుంది. ఇరుగు లేని పొరుగు అది. 'సమీపవర్తి'లో ఈ పరస్పరత లేదు. దగ్గరుంటే చాలు, పలకరించక్కర్లేదు.

అయితే పొరుగు కుదరడంతో పని ముగియదు. ఇద్దరూ నెట్‌వర్క్ పటాన్ని ఇచ్చిపుచ్చుకుని, ఇద్దరి దగ్గరా ఒకటే పటం ఉన్నప్పుడే 'ఫుల్' స్థితి. ఎంటీయూ (ఒక్కసారి పంపగల ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) విలువలు కలవకపోతే పలకరింపులు సాగుతూనే ఉంటాయి, పటం మాత్రం చేతులు మారదు. ఈ రెండో మెట్టుకు ఇంగ్లిషులో అడ్జసెన్సీ అని వేరే పేరుంది. ఉమ్మడి సొత్తును చెప్పే 'పొత్తు' మన దగ్గర ఉండనే ఉంది.

తెలుగులో నెట్‌వర్క్ పాఠాలు రాసేవారికి ఒక విన్నపం: నైబర్‌ను పొరుగనండి, అడ్జసెన్సీని పొత్తనండి.