మడి వేరు, శుభ్రత వేరు (మా వంటింటి చరిత్ర - 4)



"వాళ్లకు శుభ్రత తెలీదు" అనే మాట ఈ దేశంలో ఎప్పుడూ మన ఆడవాళ్ల వంట మీదే పడింది. ఆ మాట వెనకున్న చరిత్ర చూద్దాం.

1884లో రాబర్ట్ కోచ్ కలకత్తాలో ఒక చెరువు నీళ్లలో కలరా క్రిమిని పట్టుకున్నాడు. మురికి నీళ్లే రోగం తెస్తాయని తేలింది. 43 ఏళ్ల తర్వాత, 1927 మార్చి 20న, బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగారు. అప్పుడు సవర్ణులు ఏం చేశారు? పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు నింపిన 108 కుండలను మంత్రాలతో ఆ చెరువులో ముంచి, శుద్ధి అయిందన్నారు. తాగే నీళ్లలో పేడ కలపడం మడి. మనిషి దోసిలి ముంచడం మైల! మడికీ ఆరోగ్యానికీ ఉన్న దూరం ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

ఇటు మా అమ్మ చదువు చూడండి. నాట్లకూ కలుపుకూ పోయే మనిషి. కోడికూతకు ముందే ఒక్కసారి వండితే అది పొద్దుగూకే దాకా ఆగాలి. మాంసం దొరికిన రోజున పొడుగ్గా, పల్చగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండబెట్టేది. తుంచితే లోపల మెత్తగా తగిలిన తునక మళ్లీ ఎండకే పోయేది. తడి పోతే క్రిమి పెరగదు. ఉప్పు ఆ తడిని లాగేస్తుంది. గంజి పులిస్తే పుట్టే ఆమ్లం చాలా క్రిముల్ని ఆపుతుంది. ఈ పేర్లేవీ అమ్మకు తెలీవు, పని తెలుసు.

అలాగని పాతదంతా గొప్పదని నేను అనను. వండిన అన్నం గంటల తరబడి ఉక్కలో ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విషం పుట్టిస్తుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. కానీ ఫ్రిజ్ ఎవరింట్లో ఉంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఐదు సూత్రాలు చెప్పింది: శుభ్రంగా ఉండటం, పచ్చివీ వండినవీ వేరుగా ఉంచడం, బాగా ఉడికించడం, సరైన వేడిలోనో చల్లదనంలోనో నిల్వ చేయడం, మంచి నీళ్లూ మంచి సరుకూ వాడటం. వీటిలో ఏది తెలివితో మాత్రమే అవుతుంది? నీళ్లు కావాలి, పొయ్యిలోకి గ్యాస్ కావాలి, తీరిక కావాలి. ఊరి బావి దగ్గర ఎవరో పోస్తే తప్ప బిందె నిండని ఆడవాళ్లను "చేతులు ఎన్నిసార్లు కడుగుతావు" అని అడగడం సర్వే కాదు, ఎగతాళి.

2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజనం వంటమనుషుల నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలంది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో దళిత మహిళ వండిందని పిల్లలు బడిలో తినడం మానేశారు. ముందు ఆమె ఉద్యోగమే పోయింది, గొడవయ్యాక తిరిగి తీసుకున్నారు. పిల్లలు వదిలేసింది అన్నంలో క్రిమి ఉందని కాదు, వండిన చేతికి కులం ఉందని.

హోమ్ సైన్సులో, సోషల్ వర్కులో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ! రేపు మీరు పనిచేసే ఆడవాళ్ల దగ్గరికి ప్రశ్నాపత్రం పట్టుకుని పోతారు. అందులో నాలుగు ప్రశ్నలు చేర్చండి. కుళాయి రోజుకి ఎంతసేపు వస్తుంది? పనినుంచి ఇంటికి ఎన్నింటికి చేరతారు? పొయ్యి దేనితో మండుతుంది? ఇంట్లో ఇంకెవరు వండుతారు? ఈ జవాబులు లేకుండా "అవగాహన తక్కువ" అని రాస్తే, మీరు రాసింది కూడా మడే.

వచ్చే భాగంలో ఊరి బావుల కథ.

జై భీమ్.