కుక్కకు ఆరు నెలల కాపలా

మా రైల్వేలో పార్సిల్ ఆఫీసు రసీదు ఉంటే కుక్క డాగ్‌బాక్సులో ఎక్కేది. లండన్‌లో స్థిరపడిన పిల్లలు ఇంటి కుక్కను తీసుకుపోతామంటే మాత్రం ఇన్ని కాగితాలెందుకని మనం విసుక్కుంటాం.

పిచ్చికుక్క రోగానికి భయపడి బ్రిటన్ 1897లో బయటి కుక్కలకు క్వారంటైన్ పెట్టింది. 1902కల్లా రోగం పోయింది. యుద్ధం నుంచి సిపాయిలు దొంగతనంగా తెచ్చిన కుక్కలతో 1918లో మళ్ళీ వచ్చింది, 1922లో గాని వదల్లేదు. ఆ భయం మనకూ తెలుసు. 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ పెట్టింది ఆ రోగం కోసమే.

అందుకే ఎంత ఆరోగ్యమైన కుక్కయినా అక్కడ ఆరు నెలలు బోనులో ఉండాల్సి వచ్చేది. మన దేశపు కుక్కలకు 2012లో ఆ బాధ తప్పింది. కాపలా మన ఇంటికే మారింది.

ముందు చిప్, తర్వాత రేబిస్ టీకా. వరస మారితే ఆ టీకా చెల్లదు. ముప్పై రోజులు దాటాక రక్తపరీక్ష. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. చివరగా చెన్నైలోని కేంద్ర జంతు క్వారంటైన్ ఆఫీసు సర్టిఫికెట్.

ఐదారు నెలల ముందే మొదలుపెట్టండి. టికెట్ కొన్నాక తలచుకుంటే పిల్లలు విమానమెక్కుతారు, కుక్క గుమ్మంలో ఎదురుచూస్తుంది.